జానెడు ఎత్తు

మా నాయన నోట ఎవరికైనా ముందు వచ్చే మాట "వద్దు".

పూతలపట్టు దాటాక చిత్తూరు రోడ్డు పక్కన మాది కమాన్ పట్టీల షెడ్డు. బండి బరువంతా మోసేవి వంపు తిరిగిన ఆ ఉక్కు పట్టీలే. విరిగితే మార్చడం, సాగి చదునైతే కాల్చి మళ్ళీ వంపు తీయడం నాయన పని. ఎవరైనా వచ్చి ఇంకో రెండు పట్టీలు ఎక్కించు జయరావన్నా అంటే, "వద్దప్పా, కాయ దించేసి ఉత్త బండితో వచ్చేటప్పుడు గుర్రం మాదిరి ఎగురుతాది, నీ నడుమే ఇరుగుతాది" అంటాడు. జీపు ఎత్తు పెంచమని వచ్చే కాలేజీ పిల్లలకైతే రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. "ఇంత సాలు. ఇంతకు మించితే నేను కట్టను, పొండి." వాళ్ళు గొణుక్కుంటూ పోతారు. కొందరు తిరిగొస్తారు.

అలాంటి మనిషి ఆ మామిడికాయల కాలంలో హరినాథ్‌తో "సరే సార్" అన్నాడు.

తోతాపురి కాయ దిగుతున్న రోజులు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల వరస మా షెడ్డు దాటి పోయింది. ఎండకు కాయలు మెత్తబడి రోడ్డంతా పుల్లటి వాసన. ఆ వరస పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ ఒక పాత జీపు వచ్చి మా ముందు ఆగింది. హరినాథ్ దిగాడు. ఊళ్ళో సగం మామిడి తోటలు అతనివే.

నేను కొలిమి పంకా తిప్పుతున్నాను. అన్న లోపల బెంచీ మీద కూర్చుని తీగ బ్రష్షుతో పట్టీల తుప్పు గీకుతున్నాడు. అన్న ఎడమ కాలు మోకాలి దగ్గరే ఆగిపోతుంది. హరినాథ్ అటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"ఏం జయరావూ, బాగుండావా?"

"ఉండాం సార్."

"అయిందేదో అయిపోయింది. ఊళ్ళో ఇంత పనోడిని పెట్టుకోని నేను బెంగుళూరుకు పోతే బాగుంటాదా? అందుకే నీ దగ్గరికే తెచ్చినా." దానం చేస్తున్నట్టు అన్నాడు. "వచ్చే నెల వాన్లు పడినాక చంద్రగిరి అవతల వాగులో జీపుల పందెం ఉండాది. తిరుపతోళ్ళు, మదనపల్లోళ్ళు అందరూ వస్తారు. అందరికన్నా నా బండే ఎత్తుండాల. రాళ్ళ మీద ఏనుగు మాదిరి పోవాల."

వంగి, ఇరుసుకీ బాడీకీ మధ్య బొటనవేలు ఆనించి చెయ్యి చాపాడు. చిటికెన వేలు కొస దాకా చూపించాడు.

"జానెడు."

నేను నాయన "వద్దు" కోసం చూశాను. లోపల అన్న బ్రష్షు కూడా ఆగింది.

నాయన ఆ జానెడు వంక చాలాసేపు చూశాడు. "సరే సార్. టైర్లు కూడా పెద్దవి ఏస్తే ఇంకా బాగుంటాది."

హరినాథ్ నాయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. నా చేతిలో పంకా ఆగిపోయి కొలిమిలో బొగ్గులు నల్లబడ్డాయి. 

పోయిన ఏడాది ఇదే కాలంలో అన్న హరినాథ్ దగ్గర ట్రాక్టరు తోలేవాడు. ట్రాలీ పట్టీలు పాడైపోయాయి, మార్చాలి అని నాయన చెప్పాడు. ఈ కాయ దిగేదాకా లాగించమన్నాడు హరినాథ్. ఊరి వెనక పారే వంక గట్టు మీద బరువు ఒక పక్కకు ఒరిగింది. ట్రాలీ పడింది, దానితో పాటు ట్రాక్టరూ పడింది, కింద అన్న. చిత్తూరు ఆసుపత్రిలో అన్న కళ్ళు తెరిచేసరికి ఒక మాట ఊరంతా తిరిగేసింది. ఏలియా తాగి తోలినాడంట. చెప్పినవాడు హరినాథ్. మా ఇంట్లో ఎవరూ ఆ వాసన ఎరగరు. అయినా చర్చి పెద్దలు సంగతి తేలేదాకా అన్నను ప్రభు బల్లకు, రొట్టె ద్రాక్షరసం అందుకోవడానికి, రావద్దన్నారు. అప్పటినుంచి అన్న చర్చికే పోవడం మానేశాడు. కాలు పోవడాన్ని మోశాడు గానీ ఆ మాటను మోయలేకపోయాడు.

నేను పెద్దగా మాట్లాడను. బడిలో హాజరు పిలిచినా నా గొంతు నాకే వినపడేది. కానీ రోజూ డైరీ రాస్తాను. రాసిన ప్రతి పేజీ పైనా హరినాథ్ పేరు రాసి దాని చుట్టూ గీత గీసేదాన్ని, తప్పించుకుని పోకుండా.

ఆ పొద్దు గూకాక సంగటి తినేటప్పుడు అమ్మే కదిలించింది.

"ఎవురికీ అననోడివి ఆయప్పకు సరే అంటివే."

"అడిగింది అడిగినట్టు చేసిస్తా కృపా. ఒక్క బోల్టు కూడా తప్పుండదు."

"మల్ల?"

"మల్ల ఏముండాది. అది సన్న జీపు. జానెడెత్తు లేపి, నడుం దాకా టైర్లేసినాక, పక్కకు వాలే గట్టెక్కితే ఏమవుతాదో నీకు తెలీదా? ఎక్కొద్దని నేను చెప్పను. ఎక్కకుండా ఆయప్ప ఉండడు."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "ట్రయలుకు ఎక్కేది నువ్వే గదా?"

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పట్టీలు కట్టినవాడే మొదటి సవారీలో బండి ఎక్కాలి. బండాయన తోలుతుంటే కట్టినవాడు పక్కన కూర్చుని పట్టీల చప్పుడు వింటాడు. నాయన పని నేర్చుకున్న చిత్తూరు షెడ్డులోనూ అంతే. కట్టినవాడు ఎక్కడానికి వెనకాడిన బండిని ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

నాయన సంగటి ముద్దను శనక్కాయల ఊరిబిండిలో అద్దుకున్నాడు. "నేనే ఎక్కుతా."

"నువ్వు కాదు నాయనా," అన్నాడు అన్న. అన్న ఇంట్లో అంత గట్టిగా మాట్లాడి చాలా కాలమైంది. "ఆ జీపు పట్టీలు నేను కడతా."

"మీ ఇద్దరికీ మతి పోయినాదా?" అంది అమ్మ.

 అన్న నా వంక చూసి నవ్వాడు. ఏడాది తర్వాత వచ్చిన నవ్వు అది. నేనూ నవ్వాను. నాకు ఆ సంగటి ఆ రోజు చాలా రుచిగా ఉంది.

టైర్ల కోసం హరినాథ్ మమ్మల్ని తిరుపతికి తన కారులోనే తీసుకుపోయాడు. కొలతలు పట్టుకోవడానికి నన్ను కూడా రమ్మన్నాడు నాయన. ముందు సీట్లో స్రవంతి కూర్చుని ఉంది. హరినాథ్ కూతురు. పదో తరగతి దాకా మా ఊరి బడిలో నా బెంచీలోనే కూర్చునేది. ఇప్పుడు తిరుపతిలో చదువుతోంది.

రేణిగుంట రోడ్డులో టైర్ల అంగడి. జీపుకు మామూలుగా వచ్చే టైరు నా మోకాలికి కొంచెం పైకి వస్తుంది. అంగడాయన ముందు దానికన్నా కాస్త పెద్దది చూపించాడు. హరినాథ్ దాన్ని కాలితో తన్నాడు.

"ఇది చిన్నపిల్లోల్లు ఆడుకునేదప్పా. ఆ మూలదాన్ని దొర్లించు."

మూలనుంచి వచ్చింది నా నడుం దాకా ఉంది. బొటనవేలు పట్టేంత లోతు గాడులు.

"ఇది మీ జీపుకు ఎక్కువ సార్," అన్నాడు అంగడాయన. "మలుపు తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాది. బండి బరువంతా పైకి పోతాది. ఏం మేస్త్రీ, నువ్వు చెప్పవేం?"

నాయన టైరు గాడుల్లో ఇరుక్కున్న చిన్న రాయిని గోటితో తీస్తున్నాడు. "సార్ ఇష్టం. మడ్‌గార్డు కోసేస్తా."

"సూసినావా? పనోడంటే ఇట్లుండాల," అన్నాడు హరినాథ్.

వాళ్ళు లోపల మాట్లాడుకుంటుంటే స్రవంతి రెండు ఐస్‌క్రీములు కొనుక్కొచ్చింది. ఒకటి నా చేతిలో పెట్టింది.

"నిస్సీ, పందెంలో నేను ముందు సీట్లో కూర్చోని వీడియో తీస్తా. నువ్వు కూడా రామ్మే." నేను తల ఊపాను, అవునో కాదో తెలియకుండా. ఆమె గొంతు తగ్గించింది. "మీ అన్న ఎట్లుండాడు?"

"ఉండాడు."

"ఆ పొద్దు ట్రాక్టరు ఎక్కేముందు మజ్జిగ అడిగితే నేనే ఇచ్చినా. బాగనే ఉండాడు పాపం. మా అవ్వతో ఎగతాళి కూడా ఆడినాడు." ఐస్‌క్రీం నాకింది. "నేను చెప్తానంటే మా నాయన గమ్మునుండమన్న్యాడు."

నా చేతిలో ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారింది. నేను దాన్ని తినలేదు, పారేయలేదు. ఆమె మెడలో సన్న గొలుసు, ఆమె నవ్వినప్పుడు పక్కకు జరిగే పన్ను, అన్నీ చూస్తూ నిలబడ్డాను. ఆ రోజునుంచి డైరీలో గీత లోపల రెండు పేర్లు.

ఇంటికొచ్చి అన్నకు చెప్పాను.

"అట్నా," అన్నాడు. అంతే. కాలుతున్న పట్టీని పటకారుతో బయటికి లాగాడు.

ఆ పట్టీల్ని అన్న ఎంత బాగా చేశాడో చెప్పాలి. ఒక్కొక్కటీ కాల్చి, వంపు తీసి, నూనెలో ముంచి, చల్లారాక సుత్తితో కొట్టి విన్నాడు. లోపల పగులుంటే పట్టీ డబ్బా మోగినట్టు మోగుతుంది. ఒకటి అలాగే మోగితే పక్కన పడేసి కొత్తది చేశాడు. దాన్నే ఎందుకు పెట్టలేదని మనసులో అనుకున్నాను. అన్నకు ఆ ఆలోచన అర్థమైనట్టుంది.

"మన పట్టీ ఇరక్కూడదు మే. ఇరిగితే తప్పు మనదవుతాది."

జీపు తయారయ్యేసరికి ఎక్కాలంటే పక్కన మెట్టు బిగించాల్సినంత ఎత్తయింది. ఫ్యాక్టరీ వరసలో విసిగిపోయిన ట్రాక్టరు డ్రైవర్లందరికీ అది తిరనాళ్ళయింది. ఢిల్లీబాబు అనే డ్రైవరు చుట్టూ తిరిగి చూసి, "ఏం సార్, మేడ కట్టించుకున్న్యట్టుందే! పైన కాపురం పెడతారా?" అన్నాడు. అందరూ నవ్వారు. హరినాథ్ కూడా నవ్వాడు. పొగడ్త అనుకున్నాడు.

"పా జయరావూ, ఎక్కు. పోయొద్దాం."

"కట్టింది నేను సార్," అన్నాడు అన్న, చంకలో కర్రతో ముందుకొచ్చి.

హరినాథ్ ముఖం మారింది. నాయన వైపు చూశాడు. నాయన చేతులు తుడుచుకుంటున్నాడు. పద్ధతి అక్కడున్న డ్రైవర్లందరికీ తెలుసు. "కట్టినోడే గదా సార్ ఎక్కాల?" అన్నాడు ఢిల్లీబాబు.

"ఎక్కనీ. నాకేం," అన్నాడు హరినాథ్.

అన్న కర్ర నాకిచ్చి, కమ్మీ పట్టుకుని చేతుల బలంతోనే ఎడమ సీట్లోకి ఎగబాకాడు. వెనక సీటెక్కడానికి స్రవంతి ఫోను పట్టుకుని వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"నువ్వు ఎక్కొద్దు."

"ఎందుకే?"

"కింద నిలబడి సూడు."

నా గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు. ఆమె చెయ్యి విడిపించుకోలేదు. జీపు కదిలింది, అమ్మతో సహా మేమంతా వెనకాలే వంక గట్టు దాకా పోయాం.

నాయన ట్రయలు చూసేది వంకలో ఇసక మీద, రాళ్ళ మీద. అక్కడికి పోయి తిరిగి రావడమే. రాళ్ళ మీద జీపు నిజంగానే ఏనుగులా పోయింది. డ్రైవర్లు ఈలలు వేశారు. ఆ ఈలలకు హరినాథ్ బండిని గట్టు మీదికి తిప్పాడు. వాలుకు అడ్డంగా, ట్రాక్టరు పోయే దారిలోనే.

అమ్మ నా వెనక "దేవా" అంది.

సగం పోయాక జీపు కుడి పక్కకు వాలింది. ఎడమ ముందు టైరు నేల వదిలింది. గాలిలో నెమ్మదిగా తిరుగుతోంది. హరినాథ్ బ్రేకు తొక్కాడు, ఇంజను ఆగిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. గట్టు మీద నిలబడిన మాకు వాళ్ళ మాటలు ఇంట్లో మాట్లాడుకున్నట్టు వినపడ్డాయి.

"ఏలియా! ఏం చేసేది? చెప్పు!"

"కదలొద్దు సార్."

అన్న సీట్లోంచి లేచి ఎడమ అంచు మీదికి జరిగాడు. కమ్మీ పట్టుకుని ఒళ్ళంతా బయటికి వాల్చి కూర్చున్నాడు. టైరు మెల్లగా దిగి మట్టికి ఆనింది.

"ఇప్పుడు దీన్ని పట్టుకోనుండేది నేనే. నేను దిగితే ఇది మీ మీదికే వస్తాది. తెలస్తా ఉండాదా?"

"దిగొద్దు. దిగొద్దప్పా."

"ఇంకో కాలు గూడా ఉంటే బరువు బాగా ఆనుండేది సార్. ఏం చేద్దాం."

 నాయన చేతిలో స్పానరు ఉంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"సార్, పోయినేడు ఈ గట్టు మీద నేను తాగి తోలినానా?"

"ఇప్పుడా ఆ మాట?"

"ఇప్పుడు గాకపోతే మీరు నాకు యాడ దొరుకుతారు?"

అన్న తన ఒక్క కాలును కింద మెట్టు మీదికి చాపాడు, దిగబోయేవాడిలాగా. జీపు కిర్రుమంది. స్రవంతి గోళ్ళు నా చేతిలో దిగాయి.

"లేదు. తాగలేదు."

"ట్రాక్టర్లోల్లకు ఇనపడలేదు సార్."

"తాగలేదు! ఏలియా తాగలేదు!" హరినాథ్ గొంతు చీలిపోయింది. అడగని మాట కూడా బయటికొచ్చింది. "పట్టీలు పోయినాయని మీ నాయన చెప్పినాడు. నేనే ఇనలేదు. సాలునా?"

అన్న కాలును ఆ మెట్టు మీదే ఉంచాడు. ఆ కొంచెంసేపు జీపు వైపు నేను రెప్ప వేయకుండా చూశాను. పడాలనే చూశాను. అందులో అన్న కూడా ఉన్నాడన్న సంగతే నాకు గుర్తు లేదు.

"స్టీరింగు కింది పక్కకు కొట్టండి," అన్నాడు అన్న, షెడ్డులో ఎవరికైనా చెప్పినట్టే. "ఊ, ఇంకా. ఇప్పుడు బ్రేకు కొంచెం కొంచెంగా వదలండి. అదే పోతాది."

జీపు ముక్కు వంకలోకి తిరిగింది. జారుతూ దిగి ఇసకలో ఆగింది. హరినాథ్ స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. నేను కర్ర తీసుకుని పరిగెత్తాను. అన్న దిగి, కర్ర అందుకుని, వంగి పట్టీల వైపు చూశాడు.

"చప్పుడు లేదు నాయనా," అని గట్టు మీదికి కేకేశాడు. "బాగుండాయి."

స్రవంతి గట్టు మీదే కూర్చుండిపోయింది. ఫోను కింద మట్టిలో పడి ఉంది. వీడియో తీసిందో లేదో నేను అడగలేదు. అవసరం లేదు. గట్టు నిండా ట్రాక్టరు డ్రైవర్లే. సాయంత్రానికి ఆ మాట ఫ్యాక్టరీ గేటు దాకా, మర్నాటికి కాయ దింపి పోయిన ప్రతి ఊరికీ పోయింది. తాగినాడన్న మాట కూడా పోయినేడు ఇలాగే తిరిగింది.

నెల మొదటి ఆదివారం చర్చి పెద్దలే మా ఇంటికి వచ్చి అన్నను పిలుచుకుపోయారు. అన్న కర్ర ఊనుకుంటూ అందరి ముందూ నడిచిపోయి బల్ల దగ్గర నిలబడ్డాడు. గిన్నె అందుకుని ద్రాక్షరసం తాగి, తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పుల్లంగా ఉండాది," అన్నాడు నా చెవిలో. అమ్మ కొంగులో ముఖం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

పందేనికి హరినాథ్ పోలేదు. కాయ కాలం అయిపోయి, ఫ్యాక్టరీ ముందు రోడ్డు ఖాళీ అయ్యాక, ఒక రోజు పొద్దున జీపు మళ్ళీ మా షెడ్డుకు వచ్చింది. అతను ఒక్కడే వచ్చాడు. దిగడానికి ఇబ్బంది పడుతూ మెట్టు మీదినుంచి దిగాడు. అన్న వైపు చూసి తల వంచుకున్నాడు. అన్న బ్రష్షు ఆపలేదు.

"జయరావూ, ఇదంతా తీసేయ్. మొదట యెట్లుండెనో అట్లే చేసేయ్ నాయనా."

నాయన జీపు చుట్టూ తిరిగాడు. వంగి ఇరుసు చూశాడు, లేచాడు.

"వద్దు సార్," అన్నాడు. "అంత దించొద్దు. మీ తోట దారంతా రాళ్ళు, కింద తగలతాది. రెండు వేళ్ళ ఎత్తు ఉంచుదాం. టైర్లు పాతవే ఏసుకోండి."

రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించాడు. హరినాథ్ ఆ వేళ్ళనే చూస్తూ సరేనన్నాడు.

నేను కొలిమి దగ్గర ఉన్నాను. ఆ "వద్దు" విన్నాను. నాయన పగ ఆ మాటతో అయిపోయింది. అన్న పగ గట్టు మీదే అయిపోయింది. నేను పంకా పిడి పట్టుకుని, బొగ్గులు తెల్లబడిపోయినా, ఇక సాలు మే అని నాయన కేకేసినా, తిప్పుతూనే ఉన్నాను.